టైటర్ వాల్యూ ఎంత రావాలండి?

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరం కెమిస్ట్రీ విద్యార్థులకు ఒక రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, డిపార్ట్‌మెంట్ మిత్రులకు, పిల్లల్ని చేర్పించడానికి వచ్చి ఇంకా వెళ్లని తల్లిదండ్రులకు, ముందు రెండు వరసలూ ఖాళీగా వదిలేసి మధ్యలో సర్దుకున్న కొత్త విద్యార్థులకు నమస్కారం.

రసాయన శాస్త్రం గొప్పతనం మీద మాట్లాడమన్నారు. అది ఇంటర్ పుస్తకం మొదటి పాఠంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తాను. ల్యాబ్ గురించి మాట్లాడతాను.

డిగ్రీ ల్యాబులో నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న ప్రశ్న ఒకటుంది. "సార్, టైటర్ వాల్యూ ఎంత రావాలండి?" టైటర్ వాల్యూ అంటే, రంగు మారేదాకా బ్యూరెట్‌లోంచి, అంటే గీతలున్న పొడుగు గాజు గొట్టంలోంచి, ఎన్ని మిల్లీలీటర్లు దిగిందన్న అంకె. బ్యూరెట్‌లో ద్రావణం పొయ్యకముందే అడుగుతారు. ఎంత రావాలో తెలిస్తే అక్కడికి చేరడం ఎంత పని? సీనియర్ రికార్డు తిరగేస్తే 12.4 అని ఉంటుంది. మనవాడు కూడా మూడుసార్లూ 12.4, 12.4, 12.4 అని వేసేస్తాడు. దీన్నే పిల్లలు రీడింగులు వండటం అంటారు. వంట బాగానే కుదురుతుంది, మార్కులు కూడా పడతాయి. ఒక్క కెమిస్ట్రీ తప్ప అన్నీ జరుగుతాయి.

ఆ 12.4 ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో, అంటే కాఠిన్యం ఎంతో, కొలవడానికి సముద్రం పక్క ఊళ్లోంచి బోరు నీళ్లు తెచ్చారనుకోండి. 20 మిల్లీలీటర్లు పిపెట్‌తో శంఖు ఫ్లాస్కులోకి తీసుకుని, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 10 దగ్గర నిలబడేలా అమ్మోనియా బఫర్ పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్, అంటే రంగు మారి సంగతి చెప్పే పొడి, చిటికెడు వేస్తారు. నీళ్లు వైన్ రెడ్ రంగులోకి వస్తాయి. కాల్షియం, మెగ్నీషియం ఆ ఇండికేటర్‌ను పట్టుకుని కూర్చున్నాయన్నమాట. బ్యూరెట్‌లోంచి 0.01 మోలార్ ఈడీటీఏ వదులుతూ పోతే అది ఒక్కొక్క అయాన్‌నే లాక్కుంటుంది. ఎరుపు కాస్తా ఊదా అవుతుంది. తొందరపడేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఇంకో చుక్క వేసి, తిప్పి, ఆగి, మరో చుక్క వెయ్యాలి. చివర్లో రంగు మారడానికి కాస్త టైము పడుతుంది. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి స్వచ్ఛమైన నీలం వస్తే అప్పుడు ట్యాప్ కట్టెయ్యాలి. కన్ను ద్రవం మట్టానికి సమానంగా పెట్టి, అడుగు వంపు దగ్గర రీడింగ్ చూడాలి. బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉండిపోయిందేమో ముందే చూసుకుని ఉండాలి.

12.4 వచ్చిందంటే కాఠిన్యం లీటరుకు 620 మిల్లీగ్రాములు. 12.0 వస్తే సరిగ్గా 600. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం 200 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మీరు ఊదా దగ్గర ఆగారా, నీలం దాకా వెళ్లారా అన్నదాన్ని బట్టి ఆ బోరు పాసో ఫెయిలో తేలుతుంది. ఆ నీళ్లు తాగే ఇల్లు మీదే అయితే "ఎంత రావాలండి" అని అడుగుతారా? "ఎంత వచ్చింది" అనే కదా అడుగుతారు!

వండిన రీడింగులో ఇంకో నష్టం కూడా ఉంది. రావాల్సినదాని కన్నా వేరేగా వచ్చిన రీడింగ్ మనకేదో చెప్పాలని వచ్చి ఉండొచ్చు. దీనికి మన గోదావరి జిల్లా మనిషే సాక్ష్యం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయింది. సాల్ట్ అనాలిసిస్‌లో ఫాస్ఫేట్‌కు అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే పసుపు అవక్షేపం వస్తుంది కదా, దాని బంధువే ఇది. ఫాస్ఫేట్, మాలిబ్డేట్ ఆమ్లంలో కలిశాక దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు.

మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో రంగు గబగబా వచ్చేసేది. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం నెమ్మదిగా, ఆలస్యంగా వచ్చేది. మనమైతే ఏం చేస్తాం? రసాయనం పాతదై ఉంటుంది, ఇంకో పది నిమిషాలు ఉంచి రీడింగ్ తీసుకుందాం అంటాం. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆ ద్రవంలో ఉన్నదంతా ఫాస్ఫేట్ కాదని, ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఏదో ఉందని తేల్చారు. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఆ దారిలోనే 1929లో ఏటీపీ దగ్గరికి, అంటే కణాలకు శక్తినిచ్చే పదార్థం దగ్గరికి, వెళ్లారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. ఒళ్లంతా నడిపించే శక్తి ఎక్కడుందన్న సంగతి, రంగు ఎందుకు లేటుగా వస్తోందన్న అనుమానంతో బయటపడింది. మీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) సీనియర్లు ఏటీపీని బట్టీ పట్టారు గానీ, దాని వెనక భీమవరం కుర్రాడు ఉన్నాడని వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ తప్పు పిల్లలది కాదు, మాది.

ఇప్పుడు మీకు చెమటలు పట్టించే చాప్టర్ ఒకటి చెప్తాను: అయానిక్ ఈక్విలిబ్రియం. పీకేఏ, బఫర్, లాగరిథమ్... పరీక్షలో పదిమందిలో తొమ్మిదిమంది ఛాయిస్‌లో వదిలేస్తారు. కానీ ఆ చాప్టర్ మీ ఊళ్లో రోజూ నడుస్తోంది. మీలో ఎంతమంది ఇళ్లలో రొయ్యల చెరువులున్నాయి? చేతులెత్తండి. చూశారా, సగం మంది!

చెరువులో మేత మిగిలినా, రొయ్య విసర్జించినా అమ్మోనియా తయారవుతుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉంటే రొయ్యకు పెద్దగా హాని లేదు. విడి అమ్మోనియాగా ఉంటే విషం. ఏది ఎంత ఉంటుందన్నది పీహెచ్ తేలుస్తుంది. దీని పీకేఏ, అంటే రెండు రూపాలూ సగం సగం ఉండే పీహెచ్, 25 డిగ్రీల దగ్గర 9.25. కాబట్టి పీహెచ్ 7.25 అయితే నూటికి ఒక వంతు మాత్రమే విడి అమ్మోనియా. 8.25 అయితే తొమ్మిది వంతులు. 9.25 అయితే సగానికి సగం. ఆక్వా ల్యాబ్ వాళ్లు రిపోర్టులో అమ్మోనియా అని ఒక అంకె ఇస్తారు. సాధారణంగా అది రెండు రూపాలూ కలిపిన మొత్తం. పీహెచ్ పక్కన పెట్టుకోకుండా ఆ అంకె చూసి రైతు టెన్షన్ పడినా దండగే, ధైర్యంగా ఉన్నా దండగే.

మధ్యాహ్నం ఎండకు చెరువులో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి నాచు కూడా శ్వాస పీలుస్తుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గుతుంది, డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) కూడా పడిపోతూ తెల్లవారుజాముకు అట్టడుగుకు వస్తుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. అంటే ఒకే చెరువులో అమ్మోనియా భయం మధ్యాహ్నం, ఆక్సిజన్ భయం తెల్లవారుజామున. నీళ్లు ఎప్పుడు పట్టారో రాయని రిపోర్టు చేతికిస్తే నేను తిరిగి ఇచ్చేస్తాను. అమ్మోనియా ఎక్కువగా ఉన్న రోజు ఎవరో చెప్పారని, పీహెచ్‌ను ఇంకా పెంచే తడిసున్నం చల్లితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

వరి చేలో కూడా ఇదే కథ. దాళ్వాలో, అంటే రబీ వరిలో, నిండా నీళ్లున్న మడిలో ఎండవేళ యూరియా చల్లితే, అది నీళ్లలో విడిపోయి అమ్మోనియా అవుతుంది. మడి నీళ్లలో కూడా నాచు ఉంటుంది, మధ్యాహ్నం అక్కడా పీహెచ్ లేస్తుంది. డబ్బు పోసి కొన్న నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోతుంది. నీళ్లు తీసేసి యూరియా చల్లి, తర్వాత నీళ్లు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది అందుకే. మీ నాన్నగారికి ఆ మాట తెలుసు. ఎందుకో చెప్పడానికి మీరున్నారు. కాస్త వినయంగా చెప్పండి, ఆయన మీకన్నా ఎక్కువ పంటలు చూశారు.

ఆర్గానిక్ అంటే భయపడేవాళ్లకు ఒక్క మాట. అమైన్ల పాఠం ఎందుకూ పనికిరాదనుకుంటారు. తణుకులో ఆంధ్రా షుగర్స్ వాళ్లు అన్‌సిమెట్రికల్ డైమిథైల్ హైడ్రజీన్ అనే, అమైన్లకు దగ్గరి చుట్టమైన రాకెట్ ఇంధనం తయారుచేసి ఇస్రోకు పంపారు. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో మండేది ఆ కుటుంబం ఇంధనమే. చెరుకు బళ్లు తిరిగే ఊరు అది.

ఉద్యోగాల సంగతి తల్లిదండ్రులు అడుగుతారని తెలుసు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మనవాళ్లు చాలామంది హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో చేరతారు, ఎక్కువగా ప్రొడక్షన్‌లో, క్వాలిటీ కంట్రోల్‌లో. అక్కడ వైట్‌నర్ ఉండదు. తప్పు రాస్తే ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తారీఖు పెట్టి, సరైనది రాయాలి. చూసింది చూసినప్పుడే రాయాలి. ముందే రాసిపెట్టుకున్న రీడింగ్ ఒక్కటి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్‌కు దొరికితే, దాని తర్వాత ఆ కంపెనీలో ఎన్ని కాగితాలు తిరగేస్తారో ఊహించుకోండి. ఇక్కడ మూడేళ్లు రీడింగులు వండిన చెయ్యి అక్కడికెళ్లి ఒక్కసారిగా మారుతుందంటే నేను నమ్మను.

పై చదువులకు పీజీ సెట్ ఉంది, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ఉంది. జామ్ రాయాలనుకుంటే మూడో ఏడు దాకా ఆగకండి. ఒక్క సబ్జెక్టే ముఖ్యంగా చదివే సింగిల్ మేజర్ అయితే పాత ఎంపీసీలో లాగా లెక్కలు వాటంతట అవే రావు. మైనర్‌గా, అంటే తోడు సబ్జెక్టుగా, మాథ్స్ తీసుకోమని నా సలహా, గట్టి సలహా. డిఫరెన్షియేషన్, లాగరిథమ్ రాకుండా ఫిజికల్ కెమిస్ట్రీ చదవడం చాలా కష్టం. ఇంగ్లీషు మీడియం కదా అని నోరు కట్టేసుకోకండి. అనుమానం తెలుగులో అడగండి, జవాబు తెలుగులో అర్థం చేసుకోండి, పరీక్షలో ఇంగ్లీషులో రాయండి.

నోటితో పిపెట్ లాగకండి. మా రోజుల్లో లాగేవాళ్లం, అందుకే చెప్తున్నాను. గాఢ ఆమ్లంలో నీళ్లు పొయ్యకండి, నీళ్లలోనే ఆమ్లం కొద్దికొద్దిగా పొయ్యండి.

హెచ్‌ఓడీ గారితో మాట్లాడాను. వచ్చే బుధవారం మొదటి ప్రాక్టికల్‌లో ల్యాబ్ ఇచ్చే సాల్ట్ బదులు మీ ఊరి నీళ్లతోనే కాఠిన్యం చేయిస్తామన్నారు. ఎవరికీ ఎంత రావాలో తెలియదు, సార్లకు కూడా. లీటరు సీసా తెచ్చుకోండి. సబ్బుతో కడక్కండి, పట్టే నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి నింపండి. బోరైతే కాసేపు నీళ్లు పోనిచ్చి అప్పుడు పట్టండి. ఊరి పేరు, బోరా కాలువా చెరువా, తారీఖు, పట్టిన టైము సీసా మీద రాయండి. చెరువున్నవాళ్లు డీవో కోసం నీళ్లు ఇంట్లో సీసాలో తేవద్దు, దారిలోనే అంకె మారిపోతుంది. దానికి విడిగా మూత సీసాలు, చెరువు గట్టు మీదే వెయ్యాల్సిన రెండు ద్రావణాలు ల్యాబులో ఇస్తారు, ముందురోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి. బుడగ లేకుండా నింపడం ఎలాగో అటెండర్ గారు చూపిస్తారు, ఆ పని నాకన్నా ఆయనకే బాగా వచ్చు.