వీనస్ ఫ్లైట్రాప్‌కి జీవామృతం పోయకండి
(హైదరాబాద్ మిద్దెతోట మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కూరగాయలు పండించే వాళ్ల మధ్య పురుగుల్ని తినే మొక్క గురించి మాట్లాడమన్నారు. కాబట్టి మీరు అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. వీనస్ ఫ్లైట్రాప్ పెంచితే ఇంట్లో ఈగలు, దోమలు తగ్గవు. ఒక ఆకు పురుగుని పట్టిందంటే దాన్ని అరిగించుకోవడానికి వారం, పది రోజులు నోరు మూసుకునే ఉంటుంది. కుండీలో ఒక మొక్కకి అలాంటి నోళ్లు ఏడో ఎనిమిదో ఉంటాయి. మామిడిపళ్ల రోజుల్లో వంటింట్లో ఈగలెన్నో మీకు తెలుసు. పైగా దాని సొంత ఊళ్లో కూడా అది ఎక్కువగా తినేది చీమల్నీ సాలీళ్లనే. ఎగిరేవి దానికి చిక్కేది తక్కువ.

మరి ఎందుకు పెంచడం అంటే, సరదా. అంతకు మించి నా దగ్గర కారణం లేదు.

నేను దీన్ని మొదలుపెట్టేనాటికి నాకు తోటపని రాదు. అదే కలిసొచ్చిందనుకుంటాను. ఎందుకంటే మీలాంటి అనుభవం ఉన్నవాళ్ల చేతికి అలవాటైన పనులు, అంటే మట్టిలో వర్మీకంపోస్టు కలపడం, పక్షానికోసారి జీవామృతం పోయడం, బోరు నీళ్లు పట్టడం, ఎండ ముదిరితే ఇంట్లోకి తెచ్చి పెట్టడం, వీటిలో దాదాపు ప్రతిదీ ఈ మొక్కకి గండమే. ఇది ఆకలికి చచ్చే రకం కాదు, తిండి ఎక్కువై చచ్చే రకం.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం అర్థమైపోతుంది. ప్రపంచం మొత్తంలో ఈ మొక్క సహజంగా పెరిగేది ఒక్కచోటే. అమెరికా తూర్పు తీరంలో నార్త్ కరోలినా, సౌత్ కరోలినా రాష్ట్రాలు కలిసేచోట, విల్మింగ్టన్ ఊరి చుట్టుపక్కల. మన వాళ్లు చాలామంది ఉండే రాలీ, కేరీల నుంచి కారులో రెండు గంటల ప్రయాణం. మీ పిల్లలు అక్కడుంటే ఈసారి వెళ్లినప్పుడు కరోలినా బీచ్ స్టేట్ పార్కుకి తీసుకెళ్లమనండి. అక్కడ ఫ్లైట్రాప్ ట్రెయిల్ అని ఒక చిన్న కాలిబాట ఉంది. చూసి రండి, అంతే. నార్త్ కరోలినాలో అడవి నుంచి ఈ మొక్కని దొంగతనంగా పీకడం 2014 డిసెంబరు నుంచి ఫెలొనీ, అంటే జైలుకి పంపేంత నేరం.

ఆ నేల ఇసుక కలిసిన చిత్తడి నేల. పుల్లటి నేల. కురిసే వాన ఉన్న కాస్త పోషకాల్నీ కడిగేస్తుంది. పైన్ చెట్ల కింద అప్పుడప్పుడు మంటలు వచ్చి పొదల్ని కాల్చేస్తాయి, అందువల్ల నేలకి అంటుకుని ఉండే ఈ చిన్న మొక్కలకి ఎండ బాగా తగులుతుంది. అలాంటిచోట వేళ్లకి నత్రజని, భాస్వరం దొరకవు కాబట్టి వాటిని పురుగుల నుంచి తీసుకోవడం నేర్చుకుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. పురుగు దానికి ఎరువు మాత్రమే. అన్నం ఎండే. మిగతా మొక్కల్లాగే ఆకుల్లో వండుకుంటుంది. పురుగు ఒక్కటీ దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతుంది. ఎండ లేకపోతే ఎన్ని ఈగలు పెట్టినా బతకదు.

ఇక నీళ్లు. నన్నడిగితే ఈ ప్రసంగమంతా నీళ్ల గురించే చెప్పాలి. ఉప్పులు లేని నేలలో పుట్టిన వేళ్లు కాబట్టి నీళ్లలో కరిగిన ఉప్పుల్ని అవి తట్టుకోలేవు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, 50 లోపు ఉండాలి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో మీటర్ ముంచితే ఎనిమిది వందలు దాటి చూపించింది. మునిసిపల్ నీళ్లు అంతకన్నా నయమే గానీ దీనికి అవీ పనికిరావు. బకెట్టు అంచున, గీజర్ కాయిల్ మీద పేరుకునే ఆ తెల్లటి పొరే కుండీలోనూ పేరుకుంటుంది. మొదట ఆకు అంచులు నల్లబడతాయి, కొత్త ఆకులు చిన్నవై మెలితిరుగుతాయి, తర్వాత వేరు పోతుంది. ఇదంతా జరగడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నీళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు.

ఆర్వో నీళ్లయితే సరిపోతాయి కదా అంటారు. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఫిల్టర్లు చాలా ఉన్నాయి, వాటి నీళ్లలో మీటర్ పెడితే వంద దాకా చూపిస్తుంది. అందుకే మొక్క కొనే ముందు టీడీఎస్ మీటర్ కొనండి. రెండు మూడు వందల్లో వస్తుంది, చూడ్డానికి పెన్నులా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని కొన్నాక మొక్క కన్నా ఎక్కువగా మేం తాగే నీళ్ల గురించే చర్చ జరిగింది, అది వేరే కథ.

అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. తొలి వానల్లో డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, ఆ తర్వాత పడినవి పట్టి, మూతున్న క్యాన్లలో చీకటిగా ఉండేచోట దాచుకోవాలి. అవి వేసవికి అయిపోతాయి. సరిగ్గా అప్పుడే ఏసీలు మొదలవుతాయి! ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ. కానీ లోపలి దుమ్ము, బూజు వాటితో వస్తాయి, కాబట్టి సర్వీసింగ్ చేయించిన ఏసీ నీళ్లని, అదీ వడకట్టి, మీటర్ పెట్టి చూసి, కొరత రోజుల్లో మాత్రమే వాడతాను. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా పనికొస్తుంది. డబ్బా మీద చదివి కొనండి, యాసిడ్ కలిపింది అంటగడితే కష్టం.

నీళ్లు పైనుంచి పోయక్కర్లేదు. కుండీ కింద పళ్లెం పెట్టి అందులో సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల లోతు నిలవుంచితే చాలు. మన మిగతా మొక్కలకి చేయొద్దని చెప్పే పనే ఇది. పళ్లెంలో దోమలు గుడ్లు పెట్టకుండా రెండు మూడు రోజులకోసారి పారబోసి మార్చండి. దోమల్ని తింటుందని తెచ్చుకున్న మొక్క కిందే దోమల్ని పెంచితే కాలనీ వాళ్లు ఊరుకోరు.

మట్టి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎరువు కలపని పీట్ మాస్, అంటే చిత్తడి నేలల్లో పేరుకుని మగ్గిన నాచు, ఒక సగం; పెర్లైట్, అంటే తెల్లటి తేలికైన రాతి గుళికలు, ఇంకో సగం. ఎర్రమట్టి వద్దు, కంపోస్టు వద్దు, వేపపిండి కూడా వద్దు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, మనకి చవగ్గా దొరుకుతుంది గానీ అందులో ఉప్పు ఉంటుంది. దాన్ని నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, ఆ నీళ్లలో మీటర్ అంకె పడిపోయేదాకా కడిగే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. కుండీ ప్లాస్టిక్‌దే మంచిది, ఎందుకంటే మట్టి కుండీ ఉప్పుల్ని పీల్చి మళ్లీ వదులుతుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన భాగం, నోరు. ఆకు చివర రెండు రెప్పలుంటాయి. ఒక్కో రెప్ప లోపలివైపు మామూలుగా మూడు సన్నటి నూగులుంటాయి. కంటికి ఆనవు, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే కనిపిస్తాయి. ఒక నూగుని ఒకసారి తాకితే ఏమీ జరగదు. సుమారు ఇరవై సెకన్ల లోపు రెండోసారి తగిలితే మూసుకుంటుంది. వాన చినుకుకో, ఎగిరొచ్చిన చెత్తకో అనవసరంగా మూసుకోకుండా ఈ ఏర్పాటు. మూసుకోవడానికి సెకనులో పదో వంతు సమయం పడుతుంది. ప్రతి తాకిడికీ ఆకులో ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది. 1873లోనే ఇంగ్లండులో బర్డన్-శాండర్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని కొలిచాడు, అతన్ని ఆ పనికి పురమాయించింది చార్లెస్ డార్విన్.

మూసుకున్నంత మాత్రాన తినడం మొదలుపెట్టదు. మొదట రెప్పల అంచుల్లోని ముళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని సందులు మిగులుతాయి. మరీ చిన్న చీమైతే ఆ సందుల్లోంచి బయటపడిపోతుంది. దానికోసం వారం పాటు ఆకు మూసుకుని కూర్చోవడం గిట్టుబాటు కాదు. పెద్ద పురుగైతే లోపల గింజుకుంటుంది, నూగులు మళ్లీ మళ్లీ కదులుతాయి. ఆ తాకిడుల్ని మొక్క లెక్కపెడుతుందని, దాదాపు ఐదోసారి తర్వాతే అరిగించే రసాలు తయారుచేసే పని మొదలవుతుందని 2016లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశోధకులు చూపించారు.

ఈ సంగతి తెలియకే చాలామంది చచ్చిన ఈగని లోపల వేసి, మర్నాడు నోరు తెరిచి ఈగ ఈగలాగే ఉండటం చూసి మొక్క పాడైందనుకుంటారు. చచ్చిన ఈగ గింజుకోదు కదా. అలాంటప్పుడు మూసుకున్న రెప్పల్ని బయటనుంచి టూత్‌పిక్ మొనతో కాదు, పక్కభాగంతో మెల్లగా నిమురుతూ ఉండాలి. కాసేపటికి అంచులు దగ్గరపడటం తెలుస్తుంది. ముళ్లు బయటికి వంగుతాయి, పెదాలు బిగించినట్టు రెండు రెప్పలూ అతుక్కుంటాయి. ఇక వదిలేయొచ్చు. పురుగు రెప్ప పొడవులో మూడో వంతుకి మించకూడదు. కాలో రెక్కో బయటికి ఉంటే అంచు అతుక్కోదు, లోపల కుళ్లి ఆకే నల్లబడుతుంది. చికెన్ ముక్క, పనీర్ ముక్క, గుడ్డు పెట్టకండి. మా మేనకోడలు ఒకసారి చేగోడీ తుంపి పెట్టింది, ఆ ఆకు నాలుగు రోజులు బతికింది. పిల్లలు వేలు పెట్టి ఆడటం కూడా తగ్గించాలి. మూసుకున్న ప్రతిసారీ ఆకు శక్తి ఖర్చవుతుంది, అలా ఉత్తినే పదిసార్లు మూసుకుంటే ఆ ఆకు పనైపోయినట్టే.

ఎండ విషయంలో మొహమాటం వద్దు. రోజుకి కనీసం ఆరు గంటల నేరుగా తగిలే ఎండ కావాలి. ఆఫీసు టేబుల్ మీద, షోకేసులో ఇది బతకదు. మంచి ఎండలో నోటి లోపలివైపు ఎర్రబడుతుంది, నీడలో పచ్చగా, వదులుగా సాగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం వేళ పల్చటి షేడ్ నెట్ వేయండి. ఆకులకన్నా కుండీ వేడెక్కడమే ప్రమాదం, తెల్ల కుండీ వాడితే కొంత నయం.

మన ఊళ్లో అసలు చిక్కు చలికాలం. ఈ మొక్క ఏటా మూడు నెలలు నిద్రపోవాలి. విల్మింగ్టన్ శీతాకాలంలో కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది. మనకి డిసెంబరులో రాత్రి పద్నాలుగు పదిహేను డిగ్రీలు, పగలు స్వెట్టర్ తీసేయాల్సిన ఎండ. మొక్కకి నిద్రా పట్టదు, మెలకువా ఉండదు. ఒకటి రెండేళ్లు అలా లాక్కొచ్చి, ఆ తర్వాత నీరసించి పోతుంది. ఊటీ, కొడైకెనాల్ వాళ్లకి ఈ బెడద లేదు. మనకున్న దారి ఫ్రిజ్. నవంబరు చివర్లో మొక్కని కుండీ నుంచి తీసి, వేళ్లు వాన నీళ్లతో కడిగి, నల్ల ఆకులు కత్తిరించి, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి కూరగాయల అరలో ఉంచాలి. ఫ్రీజర్లో కాదు. పది రోజులకోసారి తీసి బూజు పట్టిందేమో చూసుకోవాలి. ఫిబ్రవరి మధ్యలో మళ్లీ కుండీలో నాటాలి. మా అమ్మ మొదటి ఏడాది ఆ కవర్ చూసి, "పెరుగు పక్కన ఈ చెత్త ఏంట్రా?" అంది. నిద్రపోతోందమ్మా అన్నాను. "నీ గదిలో పడుకోబెట్టుకో," అంది. కాబట్టి ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి, కవర్ మీద పేరు రాసి పెట్టండి, కొత్తిమీర అనుకుని పప్పులో వేసేసే ప్రమాదం నిజంగానే ఉంది.

కొనేటప్పుడు మొక్కనే కొనండి. ఆన్‌లైన్లో విత్తనాల ప్యాకెట్లు యాభై రూపాయలకి అమ్ముతుంటారు, పక్కన నీలం రంగు ఫ్లైట్రాప్ బొమ్మ ఉంటుంది. నీలం ఫ్లైట్రాప్ లేదు. అసలు విత్తనం నల్లగా మెరుస్తూ ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది, అది నిజమైనదే అయినా పెద్ద మొక్క కావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. కొన్న మొక్క వసంతంలో పొడవాటి పూకాడ వేస్తే, అది చిన్న మొక్కైతే కాడని మొదట్లోనే కత్తిరించేయండి, బలమంతా అది లాగేస్తుంది.

ఇంత టెన్షన్ మాకెందుకు అనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. విశాఖ, విజయవాడ వాళ్లకైతే నేను ముందు దీన్నే చెప్తాను. డ్రోసెరా బర్మాని అనే చిన్న మొక్క మన తూర్పు కనుమల్లో, నీళ్లు ఊరే రాతి నేలల్లో సహజంగానే ఉంది. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఆకుల మీద జిగురు చుక్కలుంటాయి, చిన్న దోమ అంటుకుంటే అంచు నూగులు కొద్ది సెకన్లలోనే లోపలికి వంగుతాయి. దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు, వేడికి బెదరదు. నీళ్లు, మట్టి మాత్రం ఇందాక చెప్పినట్టే. ఏడాదికి అటూ ఇటూగా చచ్చిపోతుంది, ఈలోపు తన చుట్టూ విత్తనాలు రాల్చి మళ్లీ మొలుస్తుంది. కొండ మీద కనిపిస్తే పీక్కురాకండి, ఆ అవసరమే లేదు. నా కుండీల్లోంచి తీసిన విత్తనాలు కాగితపు పొట్లాల్లో తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. మనిషికి ఒకటి తీసుకోండి. తడి పీట్ మీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. పొట్లం ఇక్కడ విప్పకండి, అవి ముక్కుపొడుంలా ఉంటాయి, ఫ్యాన్ కింద విప్పితే ఇక దొరకవు.

ప్రశ్నలుంటే అడగండి.