షుగరు మాత్ర, ఒంటి మీద బొబ్బ

వ్యాఖ్యాత: నమస్కారం. డాక్టర్ గారూ, షుగరు మాత్రకూ చర్మం మీద లేచే బొబ్బలకూ సంబంధం ఉందంటారా?

చర్మవైద్యుడు: పేరు చివర ‘గ్లిప్టిన్’ అని ఉండే రకం షుగరు మాత్రలతో ఉంది. బుల్లస్ పెంఫిగాయిడ్ అని, ఎక్కువగా పెద్ద వయసులో వచ్చే జబ్బు. ముందు విపరీతమైన దురద, తర్వాత బిగుతైన నీటి బొబ్బలు. 2018లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, విల్డాగ్లిప్టిన్ వాడేవారిలో ఈ ముప్పు సుమారు పది రెట్లు కనిపించింది.

మధుమేహ వైద్యురాలు: పది రెట్లంటే మన ప్రేక్షకులు ఇప్పుడే మాత్రల పట్టీ చెత్తబుట్టలో వేస్తారండీ! అరుదైన జబ్బు పది రెట్లయినా అరుదే. లినాగ్లిప్టిన్ మీద జరిగిన కార్మెలినా ట్రయల్‌లో దాదాపు ఏడు వేల మంది ఉన్నారు. మందు వాడిన సగంలో ఏడుగురికి పెంఫిగాయిడ్ వచ్చింది.

చర్మవైద్యుడు: మందు లేని మాత్ర వేసుకున్న సగంలో?

మధుమేహ వైద్యురాలు: ఎవరికీ రాలేదు.

చర్మవైద్యుడు: నాకు ఆ సున్నాయే ముఖ్యం. 2019 చివర్లో విల్డాగ్లిప్టిన్ పేటెంటు ముగిశాక మన దేశంలో ధర బాగా పడిపోయింది. మంచిదే. కానీ ట్రయల్‌లో ఏడుగురే అనిపించిన లెక్క, లక్షల మంది మింగేసరికి మా గది ముందు వరుస కడుతుంది.

వ్యాఖ్యాత: మరి రోగి ఎలా పసిగట్టాలి?

చర్మవైద్యుడు: అక్కడే చిక్కు. మాత్ర మొదలైన వారానికే వస్తే ఎవరైనా అనుమానిస్తారు. ఇది చాలాసార్లు నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత వస్తుంది. “కొత్త మందేమీ లేదు, ఏడాదిగా వేసుకుంటున్నవే” అంటారు. అందుకే మందుల సంచీ మొత్తం తెమ్మంటాను.

వ్యాఖ్యాత: దీనికి స్టెరాయిడ్లు ఇస్తారు కదా, షుగరు పెరగదూ?

మధుమేహ వైద్యురాలు: పెరుగుతుంది, అందులోనూ మధ్యాహ్నం నుంచి. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే బయటపడదు.

చర్మవైద్యుడు: పూత మందు ఉందిగా! 2002లో వెలువడిన ఫ్రాన్స్ ట్రయల్‌లో 341 మంది. జబ్బు ఒళ్లంతా పాకినవారిలో, క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పూత పూసుకున్నవారు 76 శాతం ఏడాది తర్వాత బతికి ఉన్నారు. ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మింగినవారిలో 58 శాతమే. అయితే డెబ్భై ఏళ్ల మనిషికి రోజూ వీపంతా ఎవరు పూయాలి?

వ్యాఖ్యాత: గ్లిప్టిన్ ఆపేస్తే?

మధుమేహ వైద్యురాలు: బొబ్బలు వచ్చినవారికి ఆపి, వేరే మందు ఇస్తాం. మాకు చెప్పకుండా మాత్రం ఆపవద్దు.

వ్యాఖ్యాత: ఆపమని వీరు అంటే, ఆ సంగతి మీకు తెలుస్తుందా?

మధుమేహ వైద్యురాలు: (నవ్వుతూ) చీటీ రాసి పంపుతారు. అది ఆ మందుల సంచీలోనే ఉండిపోతుంది.