ఫైళ్ల జాబితాలో నక్షత్రం గుర్తు

అందరికీ నమస్కారం. ఆర్‌పీఎం ప్యాకేజీ, అంటే ఫెడోరా లాంటి లినక్స్‌లలో ప్రోగ్రాముని ఇన్‌స్టాల్ చేసే ఫైలు, తయారు చేసేటప్పుడు అందరూ ఆఖర్లో, హడావిడిగా రాసి పడేసే భాగం గురించి ఇవాళ మాట్లాడతాను. ప్యాకేజీ ఎలా కట్టాలో రాసే స్పెక్ ఫైల్లో పర్సెంట్ గుర్తు పెట్టి ‘ఫైల్స్’ అని మొదలుపెడతామే, అదే.

అప్పటికి కంపైల్ అయిపోయి, ఫైళ్లన్నీ బిల్డ్‌రూట్ అనే తాత్కాలిక డైరెక్టరీలోకి చేరి ఉంటాయి. వాటిలో ఏవి ప్యాకేజీలోకి వెళ్లాలో ఇక్కడ చెప్పాలి. బిల్డ్‌రూట్‌లో ఉన్న ఫైలు జాబితాలో లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. జాబితాలో రాసింది బిల్డ్‌రూట్‌లో లేకపోయినా ఆగిపోతుంది. మరో లినక్స్ అయిన డెబియన్‌లోనూ, అక్కడి ప్యాకేజింగ్ టూల్ డెబ్‌హెల్పర్‌ని కంపాట్ 13 స్థాయి నుంచి వాడితే, మనం వదిలేసిన ఫైళ్లుంటే బిల్డ్ ఫెయిలవుతుంది.

ఎర్రర్ కనబడగానే టెన్షన్ పడి చాలామంది ఫైలు పేరులో నక్షత్రం గుర్తు పెట్టేస్తారు, అంటే అక్కడ ఏమున్నా సరే అని. బిల్డ్ పూర్తవుతుంది, అందరూ హ్యాపీ. నాకైతే అస్సలు నచ్చని అలవాటిది, ముఖ్యంగా చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే లైబ్రరీల దగ్గర. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతి చూడండి. 2021లో 3.0 వచ్చినప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫైలు పేరు చివర 1.1 పోయి 3 వచ్చింది. జాబితాలో 1.1 అని రాసి ఉంటే ఆ ఫైలు దొరక్క బిల్డ్ అక్కడే ఆగుతుంది. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ మళ్లీ బిల్డ్ చేయాలని మీకు ముందే తెలుస్తుంది. నక్షత్రం ఉంటే చప్పుడు లేకుండా బిల్డ్ అయిపోతుంది, ఆ తర్వాత అప్‌డేట్ చేయబోయిన యూజర్‌కి, పాత ప్రోగ్రాములు ఇంకా 1.1నే అడుగుతాయి కాబట్టి, డిపెండెన్సీ ఎర్రర్ వస్తుంది. ఫెడోరా నియమాలు ఇక్కడ నక్షత్రం వద్దనేది అందుకే.

డైరెక్టరీలతో ఇంకో చిక్కుంది. ఉత్త డైరెక్టరీ పేరు రాస్తే దాని కింద ఉన్నదంతా కలుస్తుంది. డైరెక్టరీ మాత్రమే కావాలంటే ముందు ‘డిర్’ అని ఉండాలి. మీ ప్రోగ్రాము కోసమే పుట్టిన డైరెక్టరీని జాబితాలో రాయకపోతే, ప్యాకేజీ తీసేశాక కూడా అది ఖాళీగా మిగిలిపోతుంది.

కాన్ఫిగరేషన్ ఫైలుకి ‘కాన్ఫిగ్’, ‘నోరీప్లేస్’ రెండూ పెట్టండి. అడ్మిన్ పోర్టు నంబరు మార్చుకున్నాడనుకోండి. అప్‌గ్రేడ్‌లో అతని ఫైలు అలాగే ఉంటుంది, మీ కొత్త ఫైలు ఆర్‌పీఎంన్యూ అనే తోకతో పక్కన కూర్చుంటుంది. నోరీప్లేస్ లేకపోతే మీ ఫైలే అమల్లోకి వస్తుంది, అతనిది ఆర్‌పీఎంసేవ్‌గా మారుతుంది. రాత్రి రెండింటికి సర్వీసు పడిపోతే తిట్లు ఎవరికో చెప్పక్కర్లేదు.

అనువాదాల ఫైళ్లను చేత్తో రాయకండి, ‘ఫైండ్ ల్యాంగ్’ అనే రెడీమేడ్ మాక్రో చూసుకుంటుంది. తెలుగు ఫైలుకి ‘టీఈ’ అన్న గుర్తు అదే తగిలిస్తుంది. అన్నట్టు, ఇంగ్లిష్ ఒక్కటే చాలని సెట్ చేసిన కంటైనర్‌లో మన తెలుగు అనువాదం కనబడకపోతే కారణం ఆ గుర్తే. ప్యాకేజీలో ఫైలు ఉంటుంది, డిస్కు మీదకి రాదు.

అప్‌లోడ్ చేసే ముందు, తయారైన ప్యాకేజీ మీద ఆర్‌పీఎం కమాండుని క్యూ, ఎల్, పీ ఆప్షన్లతో నడిపి, వచ్చిన జాబితాని పాత వెర్షన్ జాబితాతో డిఫ్ చేయండి, అంటే తేడాలు చూడండి. టెర్మినల్ తెరుస్తున్నాను, ఒకటి చేసి చూద్దాం.