మరక ఒకచోట, లీకు ఇంకోచోట

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దన్నే టిఫిన్ కూడా సరిగ్గా చేయకుండా వచ్చినట్టున్నారు చానా మంది, అందుకే సుత్తి లేకుండా చెప్తాను. మన కాలనీ సెక్రటరీ గారు నన్ను నీళ్ళ పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు వద్దు సార్ లీకుల గురించి మాట్లాడతా అన్నాను, ఎందుకంటే పొదుపు చేయమంటే అందరూ తలూపి ఇంటికి పోయి మామూలుగానే ఉంటారు, అదే లీకంటే ఎవరింట్లో వాళ్ళకి ఏదో ఒకటి ఠక్కున గుర్తొస్తుంది. ఇప్పుడే ముందు వరసలో అక్క ఒకామె నవ్వుతోంది చూడండి, ఉంది వాళ్ళింట్లో.

నేను మొదట్లో మన తిరుపతిలో ఇళ్ళు కట్టే పని చూసేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా రిపేర్లే. నాకొచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న, "సార్, గోడ నెమ్మెక్కింది, ఏ పెయింట్ వేస్తే పోతుంది?" ఏ పెయింట్ వేసినా పోదమ్మా. గోడలోపల నీళ్ళున్నంత కాలం మీరు పైన ఎంత ఖరీదైన పుట్టీ పెట్టినా అది బుడగలు లేసి ఉప్పు తేలి పెచ్చులుగా రాలిపోతుంది, ఆ డబ్బుతో హాయిగా ఇంకో పని చేసుకోవచ్చు. ముందు అడగాల్సింది ఏ పెయింట్ అని కాదు, ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి అని.

కొర్లగుంట పక్క ఒకిల్లు చూశాను. కింద పోర్షన్‌లో బెడ్‌రూం గోడ, మంచం తలవైపు, నడుం ఎత్తు దాకా చెమ్మ. ఇంటాయన రెండు దీపావళులకి రెండుసార్లు రంగు కొట్టించినాడు. అందరి అనుమానం ఆ గోడకి అవతల ఉన్న కొళాయి మీద. సరే అని ఆ లైను వాల్వు కట్టేసి రెండ్రోజులు వదిలేశాం, తేడా లేదు. పైన పోర్షన్ బాత్రూం ఆ గది మీద కూడా లేదు, పక్క గది మీద ఉంది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను ఆ బాత్రూంలో నానీ ట్రాప్‌లో, అంటే నేలమీద నీళ్ళు పోయే జాలీ రంధ్రంలో, గుడ్డ కుక్కి మూసి, నేలమీద రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టి అందులో రంగు కలిపాను. మర్నాటి సాయంత్రానికి కింద బెడ్‌రూంలో మరక అంచు లేత ఎరుపుకి తిరిగింది. ఇంటాయన మొహం చూడాల్సింది సామీ, ఇంక ఆయన పెయింట్ మాటే ఎత్తలేదు.

ఎందుకట్ల జరుగుతుందంటే, మన ఇళ్ళల్లో బాత్రూం కింద స్లాబుని పైపులు పోవడానికని కొంచెం దించి వేస్తారు, ఆ గుంతలో ఇటుక ముక్కలు ఇసుక నింపి పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ మధ్య సందుల్లో పెట్టిన వైట్ సిమెంట్ కొన్నేళ్ళకి ఊడిపోతుంది, లేదా నానీ ట్రాప్ చుట్టూ సన్నగా విడుస్తుంది, స్నానం చేసిన నీళ్ళు కొంచెం కొంచెంగా ఆ నింపిన ఇసుకలోకి దిగుతాయి. పైకేమీ కనపడదు, లోపల మాత్రం ఒక చిన్న తొట్టి తయారవుతుంది. అది నిండినాక నీళ్ళు ఎటు వాలు ఉంటే అటు, ఎక్కడ సందుంటే అక్కడ, కమ్మి వెంబడో కరెంటు పైపు వెంబడో నడిచి పోయి ఎక్కడో బయటపడతాయి. మీ ఇంట్లో ఫ్యాను కొక్కెం దగ్గరో స్విచ్ బోర్డు నుంచో చుక్కలు పడుతుంటే అది కరెంటు పైపులోకి నీళ్ళు చేరినట్టు లెక్క, అప్పుడు ప్లంబర్‌కి ఫోన్ చేసే ముందు ఆ గదికి పోయే ఎంసీబీ, అంటే బోర్డులో ఆ గది కరెంటు ఆపే స్విచ్చు, దించేయండి. మీటరు దగ్గర ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా ఇవాళ చూసుకోండి, తడి గోడకి కరెంటు దిగితే ఠక్కున ఆపేది అదే.

ఇంకొకటి, స్లాబు పెచ్చులు. కమ్మి తుప్పు పడితే సన్నబడుతుంది అని మాత్రమే అనుకుంటారు, కానీ ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైనే చోటు తీసుకుంటుంది, లోపలినుంచి కాంక్రీటుని తోస్తుంది. పగుళ్ళొస్తాయి, ఆ పగుళ్ళలోంచి ఇంకా నీళ్ళు, ఇంకా తుప్పు, చివరికి పడుకున్న మనిషి మీద పెచ్చు రాలుతుంది. అంతవరకు వచ్చినాక పైపైన సిమెంట్ పూత పూసే మేస్త్రీని నమ్మొద్దు, పాడైనంత మేర కొట్టి, కమ్మి తుప్పు గీకి చేయాల్సిన పని అది.

2021 నవంబర్ వానలు మీకందరికీ గుర్తే. మన ఊరికి దగ్గర్లోని రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు ఊరుతున్నాయని కింద ఊర్లన్నీ ఖాళీ చేయించారు. అప్పుడే మన తిరుపతిలో శ్రీకృష్ణానగర్‌లో సిమెంట్ వరలతో కట్టిన నీళ్ళ సంపు భూమిలోంచి పైకి లేచింది, జనం ఎగబడి చూశారు, ఫోన్లలో వీడియో తిరిగింది, కొందరు మహిమ అని కూడా అన్నారు. దేవుడి సంగతి దేవుడికి వదిలేద్దాం, కానీ ఖాళీ సంపు చుట్టూ మట్టి పూర్తిగా నీళ్ళతో నిండితే దాన్ని కిందినుంచి నీళ్ళు పైకి తోస్తాయి, లోపల బరువు లేకపోతే లేస్తుంది. అందుకని గట్టి వానలు పడేటప్పుడు సంపు ఖాళీ చేసి కడగడం పెట్టుకోవద్దు, ఆ పని ఎండాకాలంలో చేసుకోండి. ఇంకో సంగతి, సంపు లీకంటే నీళ్ళు బయటికి పోవడం ఒకటే కాదు, బయట మురికి లోపలికి రావడం కూడా. కొళాయి నీళ్ళు ఆగి ఆగి వచ్చే వీధుల్లో పైపుకి కూడా అంతే, నీళ్ళు వచ్చేటప్పుడు చిల్లులోంచి బయటికి కారతాయి, ఆగినాక ఆ పైపే పక్కనున్న కాలవ నీళ్ళని లోపలికి లాగుతుంది. వీధి పైపు దగ్గర ఎప్పుడూ తడిగా ఉంటే "కార్పొరేషన్ వాళ్ళు చూసుకుంటార్లే" అని దాటిపోకండి, మీ బిందెలోకి వచ్చేది అదే.

సరే, ఇంట్లో మీరే చేసుకోగలిగేవి. కారే కొళాయి కింద మగ్గు పెట్టి పది నిమిషాలు ఆగండి. 100 మిల్లీలీటర్లు పడిందనుకోండి, రోజుకి 14 లీటర్లు దాటుతుంది, అంటే నిండు బిందె. మే నెలలో గంగజాతరకి ఇంటినిండా చుట్టాలొచ్చి ట్యాంకరు కోసం ఎదురుచూసేటప్పుడు ఆ బిందె విలువ తెలుస్తుంది. వాషర్ మార్చితే ఆగిపోయే కొళాయికి సంవత్సరాల తరబడి కింద బకెట్ పెట్టుకునే వాళ్ళున్నారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఫ్లష్ ట్యాంకు ఇంకా దొంగ, అది చప్పుడు లేకుండా కారుతుంది. ట్యాంకులో నాలుగు చుక్కలు ఉజాలా వేసి అరగంట ఎవరినీ ఫ్లష్ చేయనీకండి, కమోడ్‌లో నీలం దిగితే అడుగు రబ్బరు పోయినట్టు. మన బోరు నీళ్ళ ఉప్పుకి ఆ రబ్బరు తొందరగానే గట్టిపడుతుంది. తర్వాత మిద్ది మీద ట్యాంకు. రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, నీళ్ళు ఎంతవరకున్నాయో లోపల స్కేలుతో కొలిచి, పొద్దన్నే లేచి మళ్ళీ కొలవండి. వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక్క అంగుళం దిగినా 20 లీటర్ల పైమాటే. మధ్యలో ఎవరూ బాత్రూంకి పోకూడదని నేను అనను, పోతే ఆ లెక్క తీసేయండి అంతే.

వాషింగ్ మెషిన్ వెనక పైపు ఉంటుందే, అది ఇరవై నాలుగ్గంటలూ ప్రెషర్ మీదే ఉంటుంది, పని అయినాక ఆ కొళాయి కట్టేయండి. సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు గ్యాస్ కట్టేశామా అని నాలుగుసార్లు చూస్తారు, మిద్ది మీద గేట్ వాల్వ్ మాత్రం ఎవరూ కట్టరు, వచ్చేసరికి ఇల్లంతా మడుగు. గీజరు వేడినీళ్ళ లైనుకి వేడిని తట్టుకునే సీపీవీసీ పైపులే వాడమనండి, మామూలు యూపీవీసీ వేస్తే వేడికి మెత్తబడి జాయింటు విడుస్తుంది, మేస్త్రీ "ఏం కాదు సార్" అంటాడు, గోడ పగలగొట్టాల్సి వచ్చినప్పుడు ఆయన ఫోను ఎత్తడు.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి సెప్టెంబరులోనే మిద్ది మీద నీళ్ళు పోయే రంధ్రాల్లో ఆకులూ గాలిపటం దారాలూ తీసేయండి, ఒక బకెట్ పోసి నీళ్ళు ఎక్కడైనా నిలుస్తున్నాయేమో చూడండి. వాటర్‌ప్రూఫింగ్ మాత్రం ఎండాకాలంలో స్లాబు బాగా ఎండినాకే, కారడం మొదలైనాక నవంబర్లో చేయించే పూత నిలవదు.

ఇక్కడో చీటీ వచ్చింది, "పైన ఫ్లాట్ వాళ్ళు మా బాత్రూం బాగానే ఉంది అంటున్నారు, ఏం చేయాలి?" గొడవ పెట్టుకోకండమ్మా. వాళ్ళనే పిలిచి, వాళ్ళ కళ్ళముందే ఆ రంగునీళ్ళ పరీక్ష చేయించండి, రెండ్రోజులు వాళ్ళు ఇంకో బాత్రూం వాడుకుంటే చాలు. కింద రంగు దిగితే వాళ్ళు చేయించాలి, దిగకపోతే మీరు వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించి కామన్ డక్ట్‌లో, అంటే అన్ని ఫ్లాట్ల పైపులూ కిందికి దిగే సందులో, పైపులు చూడాలి, ఆ ఖర్చు అసోసియేషన్‌ది. సెక్రటరీ గారు నావైపు గుర్రుగా చూస్తున్నారు, పర్లేదు. రెండో చీటీ ఎవరిదండీ, అక్షరాలు అర్థం కావడం లేదు, లేచి అడగండి.