లక్ష రూపాయలు ఒక్క రూపాయి ఎలా అవుతుంది? వైడ్ స్ట్రింగ్ నుంచి డబుల్‌కి

"డబ్ల్యూసీఎస్‌టుడీ సున్నా ఇచ్చిందంటే కన్వర్షన్ ఫెయిలైనట్టే" అని ఇంకొక్కరు చెప్పారంటే నాకు బీపీ వచ్చేలా ఉంది. వైడ్ స్ట్రింగ్‌ని (తెలుగు లాంటి లిపుల అక్షరాలూ పట్టేలా ఒక్కో అక్షరానికీ ఎక్కువ బైట్లు ఇచ్చే స్ట్రింగ్) డబుల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా మార్చే ఈ ఫంక్షన్ 1995 సవరణతోనే సీ భాషలోకి వచ్చేసింది. ఇన్నేళ్లయినా రెండో ఆర్గ్యుమెంట్‌లో నల్ (ఖాళీ పాయింటర్) పడేసి, సున్నా వస్తే ఎర్రర్ చూపించే కోడ్ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. మరి యూజర్ నిజంగానే సున్నా కొడితే? పాపం, అతను చేసిన తప్పేంటి?

వరికోత ఊహించుకోండి. కూలీ గట్టు మీద నుంచి మడిలోకి దిగుతాడు, వరి ఉన్నంతవరకూ కోసుకుంటూ పోతాడు, వరి కాని మొక్క తగలగానే అక్కడ ఒక కర్ర పాతేసి వచ్చేస్తాడు. మీ చేతికి రెండు వస్తాయి: కోసిన పంట, పాతిన కర్ర. వరి అంటే సంఖ్యలో చెల్లే అక్షరం. పంట అంటే రిటర్న్ వాల్యూ, ఫంక్షన్ తిరిగిచ్చే సంఖ్య. కర్ర అంటే రెండో ఆర్గ్యుమెంట్, ఎండ్ పాయింటర్, చదవడం ఎక్కడ ఆగిందో చెప్పేది. పంట ఒక్కటే చూసి, మడి మొత్తం కోశాడా, అసలు మడిలో దిగాడా అన్నది చెప్పలేరు కదా!

(స్క్రీన్ మీద మూడు స్ట్రింగులు)

"12.5 కిలోలు" ఇస్తే 12.5 వస్తుంది, కర్ర 5 తర్వాత ఉన్న స్పేస్ దగ్గర ఉంటుంది. "బియ్యం 12.5" ఇస్తే సున్నా, ఎందుకంటే మొదటి మొక్కే వరి కాదు, కర్ర గట్టు మీదే ఉంది. "0" ఇచ్చినా సున్నానే, కానీ కర్ర ఒక అడుగు ముందుకు జరిగింది. రెండు సున్నాలకూ తేడా ఆ కర్ర ఒక్కటే. మొదట్లో ఖాళీలుంటే కూలీ వాటిని దాటుకుని వెళ్తాడు, కానీ అవతల వరి లేకపోతే కర్ర మళ్లీ గట్టు మీదే, అంటే స్ట్రింగ్ మొదట్లోనే కనిపిస్తుంది, ఖాళీల తర్వాత కాదు.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా జరిగేది. "1,00,000" ఇవ్వండి. 1 వస్తుంది! కామా వరి కాదు. లక్ష కాస్తా రూపాయైంది, ఎర్రర్ లేదు, సున్నా కూడా కాదు, కాబట్టి మన సున్నా పరీక్ష హాయిగా పాసైపోతుంది. కర్ర కామా దగ్గర నిలబడి అరుస్తున్నా చూసేవాడు లేడు.

ఏది వరి, ఏది కలుపు అన్నది కూలీ సొంతంగా నిర్ణయించడు, లోకేల్ (దేశానికీ భాషకూ తగ్గ సెట్టింగులు) చెబుతుంది. తెలుగు అక్షరాలు ఫైల్ నుంచి వైడ్ క్యారెక్టర్లుగా చదవాలంటే ప్రోగ్రామ్ మొదట్లో సెట్‌లోకేల్ పిలుస్తాం కదా, ఎల్‌సీ ఆల్ (అన్ని సెట్టింగులూ అని), ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి. దాంతో దశాంశ బిందువు కూడా ఆ మెషీన్ సెట్టింగ్ ప్రకారం మారిపోతుంది. మన లోకేల్‌లో చుక్కే కాబట్టి ఇక్కడ అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. అదే ప్రోగ్రామ్ జర్మనీలో ఉన్న ఫ్రెండ్ జర్మన్ లోకేల్‌లో నడిపితే అక్కడ కామాయే వరి, చుక్క కలుపు. "3.14" ఇస్తే 3 వచ్చి ఊరుకుంటుంది. ఎల్‌సీ ఆల్ పెట్టిన వెంటనే సంఖ్యల సెట్టింగైన ఎల్‌సీ న్యూమరిక్‌ని మళ్లీ చుక్కనే వాడే "సీ" లోకేల్‌కి తిప్పేయండి, గొడవ వదులుతుంది.

తెలుగు అంకెలు, "౧౨.౫" సంగతేంటి అంటే, లినక్స్‌లో జీలిబ్‌సీ (అక్కడి సీ లైబ్రరీ) వాటిని ముట్టుకోదు. సున్నా, కర్ర గట్టు మీద. ముందుగా మీరే వాటిని మామూలు అంకెలుగా మార్చుకోవాలి, పెద్ద పనేం కాదు, తెలుగు సున్నా కోడ్ తీసేసి మామూలు సున్నా కోడ్ కలిపితే సరి.

ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టం. ఇంగ్లీషులో రాసిన నాన్ ("ఇది సంఖ్య కాదు" అని చెప్పే ప్రత్యేక విలువ), ఇన్ఫినిటీ (అనంతం) కూడా వరే! ఇంగ్లీషు అక్షరాల్లో నంద్యాల అని రాసి పంపండి, మొదటి మూడక్షరాలూ కోసేసి నాన్ చేతిలో పెడుతుంది, కర్ర "డ్యాల" దగ్గర. ధర అడిగే బాక్స్‌లో ఊరి పేరు కొడితే ఏమవుతుందో ఇక మీరే ఊహించుకోండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. కర్ర స్ట్రింగ్ ముగింపు గుర్తైన చివరి నల్ దగ్గర ఉందా అని చూసేటప్పుడు, ఎఫ్‌గెట్‌డబ్ల్యూఎస్‌తో (వైడ్ క్యారెక్టర్ల లైన్ చదివే ఫంక్షన్) చదివిన లైన్ చివర న్యూలైన్ ఉంటుంది, దాన్ని దాటించి చూడండి, లేకపోతే మంచి ఇన్‌పుట్ కూడా తప్పంటారు. 10 పవర్ 400 లాంటిది ఇస్తే డబుల్ అనే బండిలో పట్టదు: మడి మొత్తం కోశాడు, కర్ర చివర్లోనే ఉంది, కానీ చేతికి హ్యూజ్ వాల్ (పట్టనంత పెద్దదని చెప్పే విలువ), ఎర్రర్ కోడ్ ఉండే ఎర్నోలో ఈరేంజ్ (పరిధి దాటింది). ఎర్నోని ముందే సున్నా చేయాలి, ఫంక్షన్ చేయదు. ఫ్లోట్, లాంగ్ డబుల్ కావాలంటే వేరే ఫంక్షన్లున్నాయి, 1999 ప్రమాణంలో వచ్చాయి.

ఇక కంపైలర్ వార్నింగ్ ఇచ్చిందని వైడ్ స్ట్రింగ్‌ని క్యార్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి, ఒక్కో బైట్ అక్షరాల మామూలు స్ట్రింగ్‌ని చదివే ఎస్‌టీఆర్‌టుడీకి ఇచ్చేవాళ్లు! లినక్స్‌లో ఒక్కో వైడ్ క్యారెక్టర్ 4 బైట్లు, మన మామూలు ప్రాసెసర్ల మీద '1' తర్వాత మూడు సున్నా బైట్లుంటాయి, స్ట్రింగ్ అక్కడే ముగిసిందనుకుంటుంది. 12.5 ఇస్తే 1 వస్తుంది. విండోస్‌లో 2 బైట్లే, అయినా వచ్చేది అదే 1.