పాట పాడే ముందు ఒక మాట

వేదిక మీది పెద్దలకు, తమ బొమ్మలు తెచ్చి ఇచ్చిన చిత్రకారులకు, పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు నమస్కారం.

నల్లగొండలో బొమ్మల వేలం పెడుతున్నామని చెప్పినప్పటి నుంచి నన్ను అందరూ అడిగింది ఒకటే. "సార్, బొమ్మలకు పాట ఎవరు పాడతారు?" వేలం మనకేమైనా కొత్తనా? బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. ఆ పాట పాడేవాళ్ళు తీపి కోసం పాడరు. పొలంలో చల్లితే పంట బాగుంటుందన్న నమ్మకం ఒకటి, తాము ఇచ్చిన సొమ్ము ఊరి పనికి వస్తుందన్న తృప్తి ఒకటి. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావే పేదలకు భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు జనంలోంచి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అది కూడా మన జిల్లాలోనే, అప్పటి నల్లగొండలో. నలుగురి ముందు లేచి ఇస్తాననడం ఈ నేలకు తెలుసు. అందుకే ఎవరు పాడతారన్న టెన్షన్ నాకు లేదు.

నేను మాట్లాడాలనుకున్నది ఈ వేలంలో వచ్చిన డబ్బుతో బడిపిల్లల కోసం ఏం చేయాలన్న దాని గురించి.

నేను ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ సారుగా పనిచేశాను. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికలో రాశారు. 2020 విద్యావిధానం కూడా కళలకూ సైన్సుకూ మధ్య గోడ వద్దంది. మరి బడిలో ఏం జరుగుతుంది? డిసెంబరు రాగానే డ్రాయింగ్ పీరియడు లెక్కల సారుకు పోతుంది. ఆయన తప్పు లేదు, ఆయన మీద రిజల్టు భారం ఉంది. పోయిన పీరియడు మాత్రం మళ్ళీ రాదు.

ఒక బడికి ఎవరో దాత రంగుల పెట్టెలు ఇచ్చారు. పంచేరోజు ఫొటోలు దిగారు. రెండేళ్ళ తర్వాత నేను వెళ్ళి బీరువా తీయించాను. పోస్టర్ కలర్ సీసాలన్నీ వరుసగా ఉన్నాయి. పిల్లలు పాడు చేస్తారని ఒక్కటీ బయటికి ఇవ్వలేదు. ఒక సీసా మూత తిప్పితే రాలేదు, గుడ్డతో పట్టి తిప్పితే వచ్చింది. లోపల ఎర్ర రంగు గడ్డకట్టి, సీసాకు అంటుకుని, రాయిలా ఉంది. బ్రష్షు దించితే దిగలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే నిర్వాహకులను చేతులెత్తి అడిగాను. ఈ డబ్బు రంగులకు తక్కువ, మనిషికి ఎక్కువ పెట్టండి అని. వారానికి ఒక్కరోజు ఒక చిత్రకారుడు బడికి వెళ్ళి కూర్చోవాలి. ఆయనకు బస్సు చార్జీ, గౌరవంగా ఇంత జీతం ఇవ్వాలి. నేర్పే మనిషి ఉంటే పిల్లలు బొగ్గుతో గోడ మీదైనా గీస్తారు. వాళ్ళు దీనికి ఒప్పుకున్నారు, అందుకే నేనీ మైకు ముందుకు వచ్చాను.

ఇప్పుడు ఒక బొమ్మ చూడండి. ఎడమ గోడ మీద పదకొండో నంబరు. పుట్టపాక వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి వేసింది. వాళ్ళ నాయనమ్మ ఆసు పోస్తున్న బొమ్మ. చేనేత ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసే ముందు, ఆ నూలును అర్ధచంద్రంలా నిలబెట్టిన మేకుల చుట్టూ చేత్తో పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు తన తల్లి పడిన ఆ నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. ఈ అమ్మాయి ఆ చేతిని ఒక్కటిగా గీయలేదు, పక్కపక్కనే ఏడు చేతులు గీసింది. ఎందుకమ్మా అని అడిగాను. "ఆగితే కదా సార్, ఒక్క చెయ్యి కనబడేది" అంది. నేను ముప్పై ఏళ్ళు నేర్పిన మనిషిని, నాకా ఆలోచన రాలేదు.

దయచేసి పాపం పిల్లలు అనుకుని పాడకండి. బొమ్మ ముందు కాసేపు నిలబడండి, నచ్చితేనే పాడండి. మన దగ్గర చిత్రకారులను ఊరికే బొమ్మ ఇమ్మని అడగడం అలవాటైపోయింది. అది నాకు నచ్చదు. ఈసారి పెద్దల బొమ్మలకు వచ్చిన దాంట్లో సగం వేసినవాళ్ళకే ఇస్తున్నారు. రంగుల కొట్టువాడు వాళ్ళకు ఉద్దెర ఇవ్వడు కదా.

ఇరవై మూడో నంబరు దగ్గర చీటీ ఉండదు, గమనించండి. ఆ బాబు కృష్ణా ఒడ్డున వాళ్ళ నాన్న పుట్టి నడపడం వేశాడు. నిన్న వచ్చి, "ఇది అమ్మను సార్, ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు. బొమ్మ వాడిది, మాట కూడా వాడిదే. చూడండి, మెచ్చుకోండి, ధర అడగకండి.

పిల్లల బొమ్మలన్నింటికీ సర్కారు పాట, అంటే పాట మొదలయ్యే ధర, ఐదు వందలు. పాట వందకు తగ్గకుండా పెంచాలి. మూడోసారి అన్నాక మళ్ళీ పెంచడం ఉండదు. డబ్బు కట్టిన వెంటనే ద్వారం పక్క బల్ల దగ్గర రశీదు తీసుకోండి. పదకొండో నంబరుతో మొదలుపెడదాం. ఆ అమ్మాయి నాయనమ్మ మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. అమ్మా, ఒక్కసారి లేచి నిలబడతారా?