పసుపు ప్లేటుకు భయపడకండి, బరువు చూడండి

నమస్కారం. పసుపు ప్లేటున్న చిన్న సరుకుల బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చని మొన్నటి వీడియోలో చెప్పాను. దాని కింద మీరు రాసిన వ్యాఖ్యలన్నీ కూర్చుని చదివాను. ఎక్కువ మందిది ఒకటే మాట. "కారు లైసెన్సుతో పసుపు ప్లేటు బండి నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే. లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్టు అనే అదనపు అనుమతి ఎక్కించుకోవాల్సిందే." ఒక పెద్దమనిషి అయితే "తప్పుడు సమాచారం ఇస్తున్నారు, వీడియో తీసేయండి" అని హుకుం జారీ చేశారు. తీసేయను సార్. పైగా అదే మాట ఇంకాస్త గట్టిగా చెబుతాను. లైసెన్సు దగ్గర చట్టం చూసేది ప్లేటు రంగును కాదు, బండి బరువును. ఆ బరువు 7500 కిలోలు. ఈ ఒక్క అంకె బండి తాళం చెవికి కట్టుకోండి.

ఇది నా సొంత పైత్యం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం తీయండి. సెక్షన్ 2, క్లాజు 21. తేలికపాటి మోటారు వాహనం అంటే ఏమిటో అక్కడ రాసి ఉంది. మొట్టమొదటి మాటే "రవాణా వాహనం"! రవాణా వాహనమైనా, ఆమ్నీ బస్సయినా (డ్రైవరు కాక ఆరుగురికి మించి పట్టే బండి) సరుకుతో, మనుషులతో కలిపిన మొత్తం బరువు 7500 కిలోలు దాటకపోతే అది తేలికపాటి వాహనమే. కారుకు, ట్రాక్టరుకు, రోడ్డు రోలరుకు ఖాళీ బరువు లెక్క. అవును, రోడ్డు రోలరు కూడా. దానికి లైసెన్సు తరగతులు చెప్పే సెక్షన్ 10లో మళ్లీ వేరే తరగతి ఉంది. పాపం, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చట్టం రాసినవారికే తోచినట్టు లేదు.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం మొత్తం రెండు అక్షరాల మీద. మీ లైసెన్సు కార్డు ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఎంసీడబ్ల్యూజీ అంటే గేర్ల మోటారు సైకిలు. దాని పక్కన ఎల్ఎంవీ, అంటే తేలికపాటి మోటారు వాహనం అని ఉంటుంది, చాలా కార్డుల మీద ఎల్ఎంవీ-ఎన్‌టీ అని ఉంటుంది. ఎన్‌టీ అంటే రవాణా వాహనం కానిది అని. ఇప్పుడు ఆ సెక్షన్ 10ను భూతద్దం పెట్టి వెతకండి. తేలికపాటి వాహనం కనిపిస్తుంది, రవాణా వాహనం కనిపిస్తుంది. ఎన్‌టీ మాత్రం కనిపించదు. చట్టంలో లేని తరగతి కార్డు మీద ఎలా మొలిచింది? ఆ రెండు అక్షరాలు పట్టుకుని ఎంత మంది చిన్న బండ్ల యజమానుల మెడకు ఉరి బిగించారో!

అసలు చిక్కు 1994లో మొదలైంది. అంతకుముందు మధ్యరకం సరుకుల బండి, మధ్యరకం ప్రయాణికుల బండి, భారీ సరుకుల బండి, భారీ ప్రయాణికుల బండి అని నాలుగు తరగతులు ఉండేవి. సవరణలో ఆ నాలుగు గిన్నెలూ ఒకే గిన్నెలో కుమ్మరించి "రవాణా వాహనం" అని పేరు పెట్టారు. ఆ నాలుగింటిలో తేలికపాటి బండి ఎప్పుడూ లేదు. కానీ గిన్నె మీద రాసిన పేరు చూసి, చిన్న బండ్లు కూడా అందులోవే అనేశారు. అందరికంటే గట్టిగా అన్నది బీమా కంపెనీలు. ఎందుకంటే అలా అంటే డబ్బు కట్టే పని తప్పుతుంది!

మా బాబాయి సంగతి చెబుతాను. ఆయనది టాటా ఏస్ అనే చిన్న సరుకుల బండి. అప్పు చేసి కొన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి టమాటా పెట్టెలు వేసుకుని రైతు బజారుకు వెళ్లేవాడు. ఒకరోజు మలుపు దగ్గర స్కూటరుకు తగిలింది, స్కూటరు మీదున్నతని కాలు విరిగింది. కేసు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఏటా ప్రీమియం కట్టించుకున్న బీమా కంపెనీ అక్కడ ఏమన్నదో తెలుసా? "డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు లేదు, కారు లైసెన్సే ఉంది, మాకు సంబంధం లేదు." చివరికి బాధితుడికి కంపెనీ చెల్లించి, ఆ మొత్తాన్ని మా బాబాయి దగ్గర వసూలు చేసుకోవచ్చని తేలింది. బండి అమ్మేశాడు.

పాత ఏస్ సరుకుతో కలిపి కాగితం మీద సుమారు ఒకటిన్నర టన్ను. కాగితం మీద అంటున్నాను, మనవాళ్లు ఎక్కించే బస్తాలతో కాదు! ఇన్నోవా క్రిస్టా ఖాళీగానే అంతకంటే బరువు. అంటే ఇన్నోవా నడపడం వచ్చినవాడికి ఏస్ నడపడం రాదట. ఎందుకయ్యా అంటే, ప్లేటు పసుపు కాబట్టి!

సుప్రీంకోర్టు 2017లోనే ఈ వాదన చెల్లదని తేల్చింది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ ఆ తీర్పు ప్రకారం నడుచుకోమని రాష్ట్రాలకు రాసింది. అయినా కంపెనీలు వదలలేదు. మళ్లీ కోర్టుకెక్కాయి, 2022లో విషయం పెద్ద ధర్మాసనానికి చేరింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు, అందులో మన తెలుగువారు జస్టిస్ పమిడిఘంటం శ్రీ నరసింహ కూడా ఉన్నారు, ఏకగ్రీవంగా చెప్పారు. 7500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి ఎల్ఎంవీ లైసెన్సు చాలు, అదనపు అనుమతి అక్కర్లేదు. కారు లైసెన్సువాళ్లు ఇలాంటి బండ్లు నడపడం వల్లే ప్రమాదాలు పెరుగుతున్నాయని చూపే లెక్కలు ఎవరూ ముందు పెట్టలేదని కూడా కోర్టు అంది. ఇన్నేళ్లు వాదించి ఒక్క లెక్క కూడా లేదు!

కంపెనీల తర్వాత ఈ భయం మీద బతికేది బ్రోకర్లు. "ట్రాన్స్‌పోర్టు ఎక్కిస్తాను" అంటారు. ఎక్కించుకుంటే దాని గడువు అయిదేళ్లే. ముప్పై ఏళ్ల లోపు తీసుకున్న మామూలు లైసెన్సయితే నలభై నిండేదాకా చూసుకోనక్కర్లేదు. అవసరం లేనివాడికి ఎక్కిస్తే అయిదేళ్లకోసారి మళ్లీ అదే బ్రోకరు, మళ్లీ అదే సంతకం.

అలాగని రేపే లారీ ఎక్కేయకండి. 7500 దాటితే రవాణా లైసెన్సు కావాల్సిందే. దానికి ఇరవై ఏళ్లు నిండాలి, అంతకుముందు ఏడాది ఎల్ఎంవీ ఉండాలి. ప్రమాదకర సరుకులకు, ఈ-రిక్షాలకు విడిగా నిబంధనలున్నాయి. పర్మిటు, ఫిట్‌నెస్ బండి కాగితాలు, వాటికీ మీ లైసెన్సుకూ ముడి పెట్టకండి.

"డీసీఎం నడపవచ్చా?" అని బోలెడు మంది అడిగారు. డీసీఎం అనేది బండి రకమే కాదు! ఎనభైలలో డీసీఎం టొయోటా అనే కంపెనీ అమ్మిన ట్రక్కుల పేరు. కంపెనీ పోయింది, పేరు మాత్రం హైదరాబాదు రోడ్ల మీద మిగిలింది. ఇప్పుడు ఏ కంపెనీ బండి కనిపించినా డీసీఎమ్మే. వాటిలో ఒకటి ఏడు టన్నుల లోపు ఉంటుంది, దాని పక్కన అచ్చం అలాగే నిలబడినది పది టన్నులు దాటి ఉంటుంది. అందుకే క్యాబిన్ తలుపు దగ్గరకు వెళ్లండి. తెల్ల రంగుతో యూఎల్‌డబ్ల్యూ, ఆర్‌ఎల్‌డబ్ల్యూ అని రాసి ఉంటుంది. మొదటిది ఖాళీ బరువు, రెండోది సరుకుతో. మీకు కావాల్సింది ఆ రెండోదే.

ఇంకో తమాషా. బ్రిటన్‌లో 1997కు ముందు కారు పరీక్ష పాసైనవారికి ఎంత బరువు దాకా నడిపే హక్కు ఉందో తెలుసా? సరిగ్గా 7500 కిలోలు. తర్వాత పాసైనవారికి మామూలు కారు లైసెన్సుతో సాధారణంగా 3500. అంటే అక్కడ కూడా తూచేది బరువునే. మా లండన్ బావ అద్దె వ్యాన్‌లో ఇల్లు మారాడు. అతన్ని ఎవరూ ప్లేటు రంగు అడగలేదు.

సరే, ఇప్పుడు మీ వంతు. మీ బండి ఆర్‌సీ తీసి, అందులో మొత్తం బరువు ఎంత ఉందో వ్యాఖ్యల్లో రాయండి. వీడియో తీసేయమన్న పెద్దమనిషిగారూ, మీరు కూడా రాయండి. రంగు వద్దు, అంకె చాలు.